ఏటి ఇసుకలో బంగారం గాలించడం: ఇంటిల్లిపాదీ చేసుకునే పద్ధతి

బంగారం సాంద్రత ఘన సెంటీమీటరుకు 19.3 గ్రాములు. ఏట్లో దాని చుట్టూ పరుచుకునే పలుగురాతి ఇసుకది 2.65. సహజంగా దొరికే బంగారంలో కొంత వెండి కలిసి ఉంటుంది కాబట్టి అసలు లెక్క సాధారణంగా 15కీ 19కీ మధ్య పడుతుంది. నీళ్లలో మునిగాక ఈ తేడా ఇంకా పెరుగుతుంది. ఇసుక బరువులో మూడో వంతుకు పైగా నీరే మోసేస్తుంది, బంగారం బరువులో మోసేది ఇరవయ్యో వంతే. అంటే నీటి అడుగున బంగారం తనంత ఉన్న ఇసుక రేణువుకన్నా దాదాపు పది రెట్లు బరువుగా నడుచుకుంటుంది. పళ్లెం, జల్లెడ, స్లూయిస్ పెట్టె (అడుగున అడ్డపట్టీలు బిగించి, ప్రవాహంలో ఉంచి మట్టి కడిగే పొడవాటి పెట్టె) అన్నీ ఈ తేడా మీదే పనిచేస్తాయి.

పళ్లెం తిప్పడం ఎవరికైనా కొద్ది రోజుల్లో పట్టుబడుతుంది. ఎక్కడ తవ్వాలన్నది మాత్రం ఏళ్ల మీద వచ్చే విద్య. అదీ చూసింది చూసినట్టు రాసిపెట్టుకున్న ఇంటికే వస్తుంది. పెద్దవాళ్ల నోటు పుస్తకం పిల్లల చేతికి అందిన ఇంట్లో ఈ పని సాగినట్టు ఒంటరి మనిషి చేతిలో సాగదు. అందుకే ఇక్కడ పనిముట్లకన్నా ఏటిని చదవడానికీ, నమూనాలు తీయడానికీ ఎక్కువ చోటిస్తున్నాం.

అనుమతి సంగతి ముందే తేల్చుకోండి. చాలా దేశాల్లో నేల ఒకరిది, దాని కింద ఉన్న ఖనిజం ఇంకొకరిది. రైతు సరేనన్నంత మాత్రాన సరిపోదు. కొన్నిచోట్ల చేతి పళ్లెంతో గాలిస్తే ఎవరూ అడగరు, అదే చోట స్లూయిస్ పెట్టె దించితే లైసెన్సు కావాలి, మోటారు పంపు తెస్తే నిబంధనలు మళ్లీ మారతాయి. చేపలు గుడ్లు పెట్టే నెలల్లో ఏట్లోకి దిగనివ్వని ప్రాంతాలున్నాయి. జాతీయ పార్కులు, అభయారణ్యాల్లో మామూలుగా అసలే కుదరదు. గనుల శాఖ నుంచీ భూమి యజమాని నుంచీ వచ్చిన అనుమతిని కాగితం మీద తీసుకుని, దాని నకలు సంచిలో ఉంచుకోండి.

ఏటిని చదవడం

ఎగువన బంగారమున్న రాయి లేకపోతే దిగువ ఇసుకలో ఎంత ఓపికగా గాలించినా ఏమీ రాదు. ఒకప్పుడు బంగారం తీసిన ప్రాంతాల్లోనే మొదలుపెట్టండి. భూగర్భ సర్వే పటాల్లో పాత గనులు, పలుగురాతి చారలు, ఒండ్రు మేటలు గుర్తించి ఉంటాయి. నేల మీద కనిపించే ఆనవాళ్లూ ఉంటాయి. ఒడ్డున కడిగి పోసినట్టున్న గులకరాళ్ల గుట్టలు, కొండవాలులో తవ్విన పాత కాలువలు అలాంటివే.

ఏట్లో బంగారం రోజూ కదలదు, పెద్ద వరద వచ్చినప్పుడే కదులుతుంది. కాబట్టి ఇవాళ కనిపిస్తున్న సన్నని పాయను చూసి లెక్కలు వేయకండి. చెట్ల మొదళ్లకు చుట్టుకున్న చెత్తను బట్టి వరద ఎంత ఎత్తుకు వచ్చిందో చూడండి. అంత నీరు ఎటునుంచి ఎటు దూకి ఉంటుందో, ఎక్కడ దాని వడి తగ్గి ఉంటుందో ఊహించండి. వడి తగ్గిన చోటే బరువైంది దిగబడుతుంది.

వడి తగ్గే చోట్లు ఇవీ. ఏరు వంపు తిరిగే చోట లోపలి ఒడ్డు మొదటిది. బయటి ఒడ్డున నీరు కోసుకుంటూ పోతుంది, లోపలి ఒడ్డున మేట వేస్తుంది. ఆ మేటలో కూడా ఎగువ కొసనే, పెద్ద గులకరాళ్లున్న చోట చూడాలి. దిగువ కొసన ఉన్న మెత్తటి ఇసుక చూడ్డానికి బాగుంటుంది గానీ అందులో సాధారణంగా నుసి బంగారం తప్ప ఏమీ ఉండదు. బంగారం మలుపులన్నీ తిరగదు, ఒక వంపు లోపలి మూల నుంచి తర్వాతి వంపు లోపలి మూలకు దగ్గరిదారిన పోతుంది. ఆ గీత మీద పడిన పెద్ద బండలను వదలకండి. బండకు దిగువ వైపు నీటి వడి తగలని చోట, బండ కింద గులక గట్టిగా బిగుసుకున్న చోట వెతకాలి. నిటారుగా దూకుతున్న వాగు ఒక్కసారిగా చదునైన చోటా, ఇరుకు గొంతులోంచి నీరు వెడల్పులోకి వచ్చే చోటా అంతే. వరద మట్టంలో ఉన్న గడ్డి వేళ్లు, రాళ్ల మీది నాచు సన్న రేకుల్ని పట్టి ఉంచుతాయి. ఒక పిడికెడు నాచును బకెట్ నీళ్లలో బాగా పిండి ఆ మడ్డిని గాలించండి. నాచంతా ఒలిచేయక్కర్లేదు, నమూనాకు ఆ పిడికెడు చాలు.

అన్నిటికన్నా విలువైనది అడుగుబండ, అంటే కంకరంతటికీ కింద ఉండే గట్టి రాతి నేల. కంకర కదిలిన ప్రతిసారీ బంగారం ఇంకాస్త కిందికి జారి, చివరికి బండ మీద ఆగుతుంది. ప్రవాహానికి అడ్డంగా పోయే నెర్రెలు బాగా పడతాయి, ప్రవాహం వెంట పోయేవాటిని నీరు ఊడ్చేస్తుంది. పైన వేలు దూరనంత సన్నగా ఉన్న బీట లోపల వెడల్పు కావచ్చు. తుప్పు రంగులో సిమెంటులా గట్టిపడిన కంకర నిండి ఉంటే అది చాలాకాలంగా కదలని నెర్రె, దాన్ని అడుగుదాకా గీకండి. చివరి చెంచాడు మట్టే ముఖ్యం, దాన్ని వదిలేసి పై మట్టిని గాలిస్తే ప్రయోజనం లేదు. నునుపైన బండ మీద ఏమీ ఆగదు, పలకలు పలకలుగా లేచిన రాయి అయితే సహజంగానే అడ్డపట్టీల్లా పనిచేస్తుంది.

బండ చాలా లోతున ఉన్నచోట మధ్యలో గట్టి బంకమట్టి పొర తగులుతుంది. నీటినీ బంగారాన్నీ అదే ఆపుతుంది కాబట్టి దాని పైన రెండు మూడు సెంటీమీటర్ల మందం గీకి విడిగా గాలించండి. తవ్వుతుంటే తుప్పు మేకులు, తూటా సీసం ముక్కలు, నల్ల ఇసుక (బరువైన ఇనుప ఖనిజాల ఇసుక), బరువైన ఇనుపరాళ్లు ఒకేచోట వస్తుంటే ఆ పొరను వదలకండి. బరువైనవన్నీ చేరే చోటికే బంగారమూ చేరుతుంది.

పనిముట్లు

పెద్దవాళ్లకు 35 సెంటీమీటర్ల ప్లాస్టిక్ పళ్లెం, పిల్లలకు 25 సెంటీమీటర్లది. ఒకవైపు లోతైన మెట్లు అచ్చుపోసినవి కొత్తవాళ్ల చేతికి తేలిక. ఆకుపచ్చ, ముదురు నీలం, నలుపు రంగుల్లో రేణువులు బాగా కనబడతాయి. కొత్త పళ్లేనికి అచ్చు నుంచి వచ్చిన జిడ్డు పొర ఉంటుంది. గిన్నెలు తోమే సబ్బుతో కడిగి, గుప్పెడు సన్న ఇసుకతో లోపలంతా రుద్ది, నీరు పూసలు కట్టకుండా పలుచగా పరుచుకునేదాకా మళ్లీ తోమండి. ఈ పని చేయకపోతే సన్నరేకులు ఆ జిడ్డు పట్టుకుని నీటి మీద తేలి బయటికి పోతాయి. ఉక్కు పళ్లెంలో అయస్కాంతం వాడలేం, తుప్పూ పడుతుంది.

జల్లెళ్లు మూడు చాలు: 12 మి.మీ., 6 మి.మీ., 2 మి.మీ. కన్నాలవి. 20 లీటర్ల బకెట్లు రెండు. పార, చిన్న పలుగు, తాపీ, నెర్రెలు గీకడానికి కొస వంచిన ఇనుప కడ్డీ, గట్టి కుంచె, పొడి నెర్రెల్లోంచి మట్టి తీయడానికి పొడుగు చెంచా. నీళ్లున్న నెర్రెలకు చేతి పంపు. రేణువులు పీల్చడానికి మెత్తటి ప్లాస్టిక్ సీసా. నొక్కి వదిలితే మూతికి ఉన్న సన్న గొట్టంలోంచి రేణువును లోపలికి లాగేస్తుంది. అయస్కాంతం, దాన్ని చుట్టడానికి ప్లాస్టిక్ సంచి. పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం. మూత గట్టిగా పట్టే గాజు సీసాలు. మొదటి ఏడాది ఏటి దగ్గర పనికి ఇంతకన్నా అక్కర్లేదు.

నమూనాలు

కొత్త చోట మొదటి రోజు పెద్ద గొయ్యి తవ్వకండి. వంద మీటర్ల వాగు తీసుకుని, పైన చెప్పిన చోట్లలో ఆరేడు ఎంచుకుని, ప్రతి చోట నుంచీ ఒకే కొలత తీయండి. 12 మి.మీ. జల్లెడలోంచి దిగినది 5 లీటర్లు, అంటే పెద్ద పళ్లెం నిండుగా. కొలత మారితే పోలిక చెడుతుంది. గొయ్యి లోతుగా ఉంటే పైమట్టి, మధ్య కంకర, బండ మీది పొర మూడింటినీ వేర్వేరు బకెట్లలో పోయండి. కలిపేస్తే బంగారం ఏ పొరలో ఉందో ఎప్పటికీ తెలియదు, తర్వాత టన్నుల కొద్దీ వట్టి మట్టి కడుక్కుంటూ కూర్చోవాలి.

ప్రతి పళ్లెంలో కనిపించిన రేణువులు లెక్కపెట్టి సైజు రాయండి. అంకె పెద్దదైతే సంబరపడేముందు ఒక లెక్క చూడండి. అర మిల్లీమీటరు పొడవూ వెడల్పూ, పదో వంతు మిల్లీమీటరు మందమూ ఉన్న రేకు బరువు సుమారు అర మిల్లీగ్రాము. గ్రాముకు అలాంటివి రెండు వేలు కావాలి. ప్రతి పక్కా ఒక మిల్లీమీటరున్న ఒక్క రేణువు మాత్రం 19 మిల్లీగ్రాములు, అంటే నలభై రేకులతో సమానం. కాబట్టి వాగులో ఎక్కడైనా దొరికే రెండు మూడు నుసి రేణువులు చోటు మంచిదనడానికి సాక్ష్యం కావు. పక్కనున్న నమూనాలకన్నా నాలుగైదు రెట్లు ఎక్కువ వచ్చిన చోటుకు అటూ ఇటూ మీటరు దూరంలో మళ్లీ తీయండి, అక్కడా వస్తే అప్పుడు తవ్వండి. ఒక్క పళ్లెంలో ఒక్క పెద్ద తునక పడి మిగతావన్నీ ఖాళీగా వస్తే అది అదృష్టమే తప్ప పొర కాదు.

పళ్లెం తిప్పడం

నీరు మోకాలి కిందికి ఉండాలి, కాస్త కదులుతుండాలి, మరీ పరుగెత్తకూడదు. కదలని మడుగులో కడిగితే మురుగు తేలి అడుగు కనబడదు. పళ్లేన్ని మూడొంతులు నింపి పూర్తిగా ముంచండి. ముందు చేయాల్సింది కడగడం కాదు, పిసకడం. బంకమట్టి ఉండలు ఒక్కటి కూడా మిగలకూడదు, అవి దొర్లుతూ రేణువులను తమకు అంటించుకుని బయటికి తీసుకుపోతాయి. పెద్ద రాళ్లను పళ్లెం మీదే కడిగి పారేయండి. కొత్తవాళ్లు బంగారం పోగొట్టుకునేది ఎక్కువగా ఈ దశలోనే, తిప్పడం రాక కాదు.

ఇప్పుడు పళ్లేన్ని నీటి కింద మట్టంగా పట్టుకుని, అంచు ఎక్కడా లేవకుండా, పక్కలకు గట్టిగా ఆడించండి. పదిహేను సెకన్లు ఆగకుండా. ఇసుక మొత్తం ద్రవంలా కదలాలి, గట్టిపడి ఒకే ముద్దలా తిరుగుతుంటే నీరు సరిపోలేదు లేదా చేతిలో బలం చాలలేదు. బంగారం అడుగుకు దిగేది ఈ ఆడింపులో. తర్వాత మెట్లున్న వైపును ముందుకు పెట్టి పళ్లేన్ని కాస్త వంచండి. వంపు ఇరవై, ఇరవైఅయిదు డిగ్రీలు దాటనివ్వకండి. అంచును నీట్లో ముంచి, ముందుకూ వెనక్కూ నెమ్మదిగా లాగితే పై పొర జారిపోతుంది. నాలుగైదు సార్లు జార్చి, మళ్లీ మట్టం చేసి ఆడించండి. జార్చడం, ఆడించడం, మళ్లీ జార్చడం. ఆడించడం మానేసి జార్చుతూ పోతే అడుగున ఉన్నది మెల్లగా పైకి వస్తుంది, అంచు దగ్గరికి చేరుతుంది, పోతుంది. ఏ అడుగులో అనుమానం వచ్చినా మళ్లీ ఆడించండి, అందువల్ల పోయేదేమీ లేదు.

తెల్ల ఇసుక తగ్గి నల్ల ఇసుక తేలుతున్నకొద్దీ చేయి నెమ్మదించాలి. రెండు చెంచాల నల్ల ఇసుక మిగిలాక ఏట్లోంచి లేపి, పళ్లెంలో అర గ్లాసు శుభ్రమైన నీరు ఉంచండి. ఇసుకను మెట్లు లేని మూలకు చేర్చి, పళ్లెం కొద్దిగా వంచి గుండ్రంగా తిప్పితే నీరు ఇసుకను పలుచటి విసనకర్రలా పరుస్తుంది. వెనుక అంచున తోకలా మిగిలేదే బంగారం. అడుగున వేలితో తడుతూ ఉంటే ఇసుక కదులుతుంది, రేకు మాత్రం పళ్లెంకి అంటుకుని కదలదు. ఈ నీళ్లలో ఒక్క బొట్టు గిన్నెల సబ్బు వేస్తే నీటి మీద తేలుతున్న సన్నరేకులు మునుగుతాయి. ఏట్లో మాత్రం సబ్బు కలపకండి, ఆ నీటిని బకెట్లోనే ఉంచి ఒడ్డుకు దూరంగా నేల మీద పారబోయండి.

మీ చేయి నిజంగా ఎంత పట్టి ఉంచుతోందో తెలుసుకునే మార్గం ఒకటుంది. సన్న సీసం గుళ్లు పది తీసుకుని సుత్తితో రేకుల్లా చదును చేసి, లెక్కపెట్టి, బంగారం లేని మట్టితో నింపిన పళ్లెంలో కలపండి. గాలించాక ఎన్ని మిగిలాయో చూడండి. సీసం సాంద్రత 11.34. దాన్ని పోనివ్వని చేయి అంతే సైజు బంగారాన్ని పోనివ్వదు. పదికి పది వచ్చేదాకా ఇంటి దగ్గర తొట్టిలోనే చేయండి. సీసం విషం కాబట్టి సుత్తి పని పెద్దవాళ్లు చేయాలి, గుళ్లు ఏట్లో పడకూడదు, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే ఏదైనా ముట్టుకోవాలి.

బంగారమా, కాదా

పళ్లేన్ని మీ నీడలోకి తిప్పి చూడండి. బంగారం నీడలోనూ అదే పసుపు. పైరైటు (పసుపుగా మెరిసే ఇనుప ఖనిజం), కాకిబంగారం (అభ్రకం) ఎండ పడినప్పుడే మెరుస్తాయి, కోణం మారితే మసకబారతాయి. కాకిబంగారం పొరలుగా ఉంటుంది, తేలిక కాబట్టి నీటి కదలికకు పైకి లేస్తుంది. సూదితో గుచ్చితే బంగారం సొట్టపడుతుంది, పైరైటు పొడిపొడిగా విరిగిపోతుంది. పైరైటు కాఠిన్యం ఆరుకు పైన, బంగారానిది మూడు లోపు. మెరుపు పూయని పింగాణీ పెంకు మీద గీస్తే బంగారం పసుపు గీత ఇస్తుంది, పైరైటు గీత నలుపులోకి దిగిన ఆకుపచ్చ. 1848 జనవరిలో కాలిఫోర్నియాలో రంపపు మిల్లు నీటికాలువలో జేమ్స్ మార్షల్ చేసిన పరీక్షా ఇలాంటిదే. ముక్కను రాళ్ల మధ్య కొట్టి, విరగకుండా సాగిందో లేదో చూశాడు.

స్లూయిస్ పెట్టె

ఒక చోటు తేలాక ఎక్కువ మట్టి కడగాలంటే పళ్లెం చాలదు. మీటరు నుంచి మీటరుంపావు పొడవు, 25–30 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పెట్టెను ప్రవాహంలో ఉంచి, పొడవులో మీటరుకు 8 సెంటీమీటర్ల వాలు ఇవ్వండి. అడ్డంగా మాత్రం మట్టం కచ్చితంగా ఉండాలి, ఒక పక్కకు ఒరిగితే ఇసుకంతా ఆ పక్కన పేరుకుంటుంది. అడ్డపట్టీల మీద నీరు 5 నుంచి 8 సెంటీమీటర్ల లోతున పారాలి.

వాలు సరిపోయిందో లేదో పట్టీలే చెబుతాయి. ప్రతి పట్టీ వెనక సగం ఖాళీగా ఉండి, అక్కడ నల్ల ఇసుక సుడిలో మెదులుతూ ఉంటే బాగున్నట్టు. పట్టీలు మొత్తం ఇసుకతో పూడి గట్టిపడితే వాలు చాలదు లేదా మట్టి ఎక్కువ పోస్తున్నారు, పైనుంచి వచ్చే బంగారం ఆ గట్టి పొర మీద జారిపోతుంది. పట్టీల వెనక ఏమీ నిలవక వాటి కింద పరిచిన గోనె చాప బయటపడితే నీటి వడి మితిమీరింది. మట్టిని జల్లెడ పట్టి, చిన్న తాపీతో కొంచెం కొంచెం పోస్తుండాలి. ముందు పోసింది తేటపడ్డాకే తర్వాతది. గంటకోసారి పెట్టె దిగువ మూతి నుంచి వస్తున్న వ్యర్థాన్ని ఒక పళ్లెం పట్టి గాలించండి. అందులో ఒక్క రేణువు కనిపించినా పని ఆపి వాలు సరిచేయండి.

ముగించేటప్పుడు పెట్టెను వంచకుండా, ఇద్దరు రెండు చివరలు పట్టుకుని తొట్టిలోకి మోసుకెళ్లండి. పట్టీలు తీసి, గోనె చాపను తొట్టి నీళ్లలో మూడుసార్లు జాడించండి. నుసి బంగారం చాప నూలులోనే దాక్కుంటుంది.

నల్ల ఇసుక వేరుచేయడం

ఈ పని ఇంటి దగ్గర, వెలుతురులో, తీరిగ్గా చేయాలి. సైజు వేరుచేయకుండా దిగితే నీటిలో పెద్ద తేలిక రేణువూ చిన్న బరువు రేణువూ ఒకేలా నడుస్తాయి, ఎంత తిప్పినా విడిపోవు. 0.85, 0.6, 0.3 మి.మీ. జల్లెళ్లలో పోసి నాలుగు వాటాలు చేసుకుని ఒక్కోటీ విడిగా గాలించండి. నల్ల ఇసుకలోని ఇనుప ఖనిజమైన మాగ్నెటైట్‌ను అయస్కాంతం లాగుతుంది. సంచిలో చుట్టిన అయస్కాంతాన్ని నీటి అడుగున ఇసుకకు కాస్త పైగా జరపండి. గుబురుగా అంటుకున్న ఇసుకలో సన్నరేకులు ఇరుక్కుపోతాయి, అందుకే దాన్ని వేరే గిన్నెలో రాల్చి మళ్లీ రెండుసార్లు లాగించాలి. అందులోనే ఉండే ఇతర బరువు ఖనిజాలు హెమటైటు, గార్నెట్ అయస్కాంతానికి తేలిగ్గా రావు, వాటిని పళ్లెంలోనే నెమ్మదిగా పంపాలి. 0.3 మి.మీ. కంటే సన్నదానికి గరుకు ప్లాస్టిక్ పలక మీద పలుచటి నీటి పొర పారించే పద్ధతి మేలు. పలకకు కొద్దిగా వాలు ఇచ్చి, చిటికెడు చిటికెడు పైన వేసి, ఇసుక జారుతుంటే బంగారాన్ని కుంచెతో వెనక్కి తోయాలి.

ఈ దశలో బంగారాన్ని పట్టడానికి ఎవరైనా పాదరసం వాడమంటే వినకండి. ఇది బేరమాడే విషయం కాదు. ప్రపంచంలో మనుషుల వల్ల గాలిలోకి పోతున్న పాదరసానికి చిన్నస్థాయి బంగారు తవ్వకాలే అతిపెద్ద కారణం. 2013లో కుదిరి 2017లో అమల్లోకి వచ్చిన దేశాల మధ్య మినమాటా ఒప్పందం దీన్ని తగ్గించడానికే. పాదరసం గది ఉష్ణోగ్రతలోనే ఆవిరవుతుంది, వేడి చేస్తే ఇంట్లోవాళ్ల ఊపిరితిత్తుల్లోకే పోతుంది, పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. పాత తవ్వకాలున్న వాగుల్లో వెండిలా తెల్లబారిన బంగారు రేకులు రావచ్చు, అవి పాదరసం పట్టినవి. వేడి చేయకండి, యాసిడ్ పోయకండి. నీళ్లున్న గాజు సీసాలో మూత బిగించి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చేయండి. అలాంటి వాగు నుంచి తెచ్చిన ఇసుకను పొయ్యి మీద ఆరబెట్టడం కూడా తప్పే, ఎండలో ఆరుబయట ఆరనివ్వాలి.

పలుగురాయి ముక్కల్ని దంచి చూడాలనుకుంటే తడిపి దంచండి, ఆ దుమ్ముకు తగిన మాస్కు పెట్టుకోండి. సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్ని కోలుకోలేనంతగా పాడుచేస్తుంది. పిల్లలు ఆ దరిదాపుల్లో ఉండకూడదు.

మెటల్ డిటెక్టర్ గురించి ఒక్క మాట. అది నుసిని పట్టదు, తునకల్నీ ముద్దల్నీ మాత్రమే పడుతుంది. దాని కాయిల్‌ను (కింద ఉండే గుండ్రటి చుట్టను) నేలకు రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తులో, ప్రతి ఊపూ ముందటి ఊపు మీద కాస్త పడేలా, నెమ్మదిగా ఊపాలి. నేలలో ఇనుము ఎక్కువైతే ముందు గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే ఆ ఇనుము వల్ల వచ్చే తప్పుడు మోతను తగ్గించే సర్దుబాటు, సరిచూసుకోవాలి. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో 1869లో బయటపడ్డ వెల్‌కమ్ స్ట్రేంజర్ అనే పెద్ద ముద్ద నేల పైనుంచి కొద్ది సెంటీమీటర్ల లోతులోనే ఉంది, కాబట్టి పై పొరను తేలిగ్గా తీసుకోకండి.

ఇంటివాళ్లంతా దిగినప్పుడు

పని పంచుకోండి. బలమున్నవాళ్లు తవ్వుతారు, ఒకరు జల్లెడ పడతారు, నెమ్మది చేయి ఉన్నవాళ్లు చివరి నల్ల ఇసుక చూస్తారు. అమ్మమ్మలూ తాతయ్యలూ నీటిలో దిగకుండా ఒడ్డున తొట్టి దగ్గర కూర్చుని చేసే పని అది, పైగా ఓపిక వాళ్లకే ఎక్కువ. పిల్లల కళ్లు చురుకు, రేణువులు లెక్కపెట్టే పని వాళ్లకివ్వండి. నిండు బకెట్ తడి కంకర 35 కిలోలకు పైగానే తూగవచ్చు, సగమే నింపండి.

పిల్లలు నీళ్ల దగ్గర ఉన్నంతసేపూ ఒక పెద్దమనిషి చేతిలో పళ్లెం లేకుండా వాళ్లనే చూస్తూ ఉండాలి. ఈ వంతు అరగంటకోసారి మార్చుకోండి, పళ్లెం పట్టుకున్న మనిషి కళ్లు పళ్లెంలోనే ఉంటాయి. చల్లటి నీటిలో పిల్లల్ని ఇరవై నిమిషాలకు మించి ఉంచకండి. ఒడ్డు కిందికి సొరంగంలా తవ్వడం ఎవరూ చేయకూడదు. పైన ఉన్న తడి మట్టి చప్పుడు లేకుండా కూలుతుంది. నీటి రంగు మారినా, కొమ్మలూ ఆకులూ కొట్టుకొస్తున్నా, ఎగువన వాన పడిందని అర్థం. సామాను వదిలేసి గట్టెక్కండి. వచ్చేముందు గోతులన్నీ పూడ్చండి, తీసిన బండల్ని తీసిన చోటే పెట్టండి.

నోటు పుస్తకం, తూకం

ప్రతి నమూనాకూ ఒక వరుస. తేదీ, ఫోన్ చూపించే అక్షాంశ రేఖాంశాలు, వరద గీతకు ఎంత ఎత్తున, నేల నుంచి ఎంత లోతున, ఏ పొర, ఎన్ని లీటర్లు, ఎన్ని రేణువులు ఏ సైజులో, అడుగుబండ తగిలిందా లేదా. ఖాళీ పళ్లేల్ని కూడా రాయండి. ఏమీ రాని చోట్ల జాబితా లేకపోతే వచ్చే ఏడాది మళ్లీ అక్కడే తవ్వుతారు. పెద్ద వరద వచ్చి వెళ్లిన తర్వాత పాత చోట్లలోనే అదే కొలతతో మళ్లీ నమూనా తీస్తే, ఏ మలుపు ప్రతి వరదకూ తిరిగి నిండుతుందో రెండు మూడేళ్లలో తేలిపోతుంది.

తూచేముందు బంగారాన్ని పూర్తిగా ఆరనిచ్చి, పొడి అయస్కాంతంతో చివరి నల్ల రేణువులు తీసేయండి. భూతద్దంలో చూసి మిగిలిన ఇసుకను సన్న కుంచెతో పక్కకు తోయండి. తడీ ఇసుకా కలిసి చిన్న తూకాన్ని సులువుగా పెంచేస్తాయి. ఒక మిల్లీగ్రాము దాకా చూపించే తక్కెడ కావాలి, వంటింటి తక్కెడ పనికిరాదు. గాలి తగలని చోట తూచండి. ఒక ట్రాయ్ ఔన్సు 31.1 గ్రాములు, ధరలు చూసేటప్పుడు మామూలు ఔన్సుతో కలగలపకండి. వాగుకో సీసా చొప్పున విడిగా ఉంచి, పుస్తకంలోని వరుస సంఖ్యనే సీసా మీద అతికించండి. ఒక వాగు బంగారానికీ ఇంకో వాగు బంగారానికీ రంగులో, అంచుల నునుపులో తేడా ఉంటుంది. గరుకు అంచులూ, అంటుకున్న పలుగురాతి ముక్కలూ కనిపిస్తే అది ఎక్కువ దూరం కొట్టుకురాలేదు. ఆ సీసా వాగులో తర్వాతి నమూనాలు ఎగువ వైపు తీయాలి.